పాత చిన్న మోటర్‌హోమ్‌లలో ఏది కొనాలి? ముందు పార్టులు ఎక్కడ దొరుకుతాయో చూడండి

అమెరికాలో కొత్త క్యాంపర్ వ్యాన్ ధర లక్ష డాలర్లు దాటిపోయింది. దాంతో ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ క్యానియన్‌కో సొంత బండిలో వెళ్ళాలనుకునే మనవాళ్ళు పాతికేళ్ళు, నలభై ఏళ్ళు నిండిన చిన్న మోటర్‌హోమ్‌ల (లోపలే పడక, వంట ఉన్న బండ్ల) ప్రకటనలు చూడటం మొదలుపెడతారు. చూసిన కొద్ది రోజులకే అవే ఐదు పేర్లు తిరిగి తిరిగి కనిపిస్తాయి. టయోటా పికప్ మీద కట్టిన డాల్ఫిన్, సన్‌రేడర్ లాంటి బండ్లు, ఫోక్స్‌వ్యాగన్ వ్యానగన్ వెస్ట్‌ఫాలియా, విన్నెబేగో రియాల్టా, డాడ్జ్ లేదా షెవర్లే వ్యాన్‌లో చేసిన రోడ్‌ట్రెక్, ఇక అన్నిటికంటే చవగ్గా దొరికే విన్నెబేగో లషారో.

ప్రకటనలో మైలేజీ ఉంటుంది, కర్టెన్ల ఫొటోలు ఉంటాయి, "ఎంతో ప్రేమగా చూసుకున్నాం" అన్న మాట ఉంటుంది. వెనక బ్రేక్ డ్రమ్ము పోతే ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఉండదు. ఈ వయసు బండి కొనేవాళ్ళు మొదట అడగాల్సింది అదే. ఇంజిన్ ఎంత బాగున్నా ఒక్క పార్టు దొరక్క మూడు నెలలు ఇంటి ముందు నిలబడే బండి సెలవులకు పనికిరాదు. పైగా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ సంఘం) నుంచి ఉత్తరాలు మొదలవుతాయి.

## ఏం చూసి పోల్చాలి

మోటర్‌హోమ్‌లో మూడు రకాల పార్టులుంటాయి. ఈ తేడా తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

మొదటిది నడిచే భాగం: ఇంజిన్, ట్రాన్స్‌మిషన్, బ్రేకులు, ఇరుసులు. ఇవి టయోటావో ఫోక్స్‌వ్యాగన్‌వో డాడ్జ్‌వో అవుతాయి. ఆ కంపెనీ అదే ఇంజిన్‌ను ఇంకా ఎన్ని బండ్లలో వాడిందన్నదాన్ని బట్టి దొరకడం ఆధారపడుతుంది.

రెండోది ఇంటి సామాను: ఫ్రిజ్, గ్యాస్ స్టవ్, హీటర్, వేడినీళ్ళ ట్యాంకు, నీళ్ళ పంపు, టాయిలెట్, పైకప్పు ఫ్యాను. మోటర్‌హోమ్ ఎవరు కట్టినా వీటిని డొమెటిక్, నార్‌కోల్డ్, సబర్బన్, ఆట్‌వుడ్, షర్‌ఫ్లో, థెట్‌ఫోర్డ్ లాంటి కొద్ది కంపెనీల దగ్గరే కొని బిగించారు. పైకప్పు ఫ్యాను రంధ్రం చాలావరకు 14 అంగుళాల చదరమే. అందుకని ఈ విభాగంలో ఐదు బండ్లకూ పెద్ద తేడా లేదు. ఫ్రిజ్ పనిచేయడం లేదని మంచి బండిని వదులుకోవద్దు. ధర తగ్గించమని అడగండి.

మూడోది పెట్టె: బయటి గోడలు, పైకప్పు, కిటికీలు, వాటి రబ్బర్లు, ఫైబర్‌గ్లాస్ ముక్కలు, పాప్‌టాప్ (పైకి లేచే కప్పు) గుడ్డ. అసలు ఇబ్బంది ఇక్కడే. ఇవి ఆ మోటర్‌హోమ్ కట్టినవాళ్ళు సొంతంగా చేసినవి. డాల్ఫిన్ కట్టిన నేషనల్ ఆర్‌వీ 2007లో దివాలా తీసింది. అలాంటి బండికి కిటికీ ఫ్రేము కావాలంటే పాత మోటర్‌హోమ్‌లు విప్పి పార్టులు అమ్మే జంక్‌యార్డులే దిక్కు.

పార్టుల తర్వాత చూడాల్సింది చేయి పెట్టే మనిషిని. విజయవాడ ఆటోనగర్‌లో పార్టు లేకపోతే లేత్ మీద చేసైనా బిగిస్తారు. ఇక్కడ మామూలు గ్యారేజీ "ఇది మోటర్‌హోమ్, మా లిఫ్టుకు ఎక్కదు" అంటుంది. ఆర్‌వీ (మోటర్‌హోమ్) సర్వీస్ సెంటర్ "పదేళ్ళు దాటింది, మేం ముట్టుకోం" అంటుంది. ఒప్పుకున్న చోట గంటకు 150 డాలర్లకు పైగా అడగడం మామూలే. కాబట్టి మీరు రెంచి పట్టుకుంటారా, పట్టుకోరా అన్నది బండి ఎంపికను మార్చేస్తుంది.

ఇక మీరుండే రాష్ట్రం. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతివైన ఈ వయసు పెట్రోలు బండ్లకు స్మాగ్ (పొగ కాలుష్య) పరీక్ష ఉంది. పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలంటే ఆ రాష్ట్రం ఆమోదించినదే బిగించాలి. బయటి రాష్ట్రాల్లో దొరికే చవక రకం కుదరదు. న్యూజెర్సీ, ఒహాయో, మిషిగన్ వైపు చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు బండి అడుగును తినేస్తుంది. టెక్సస్, అరిజోనాల్లో తుప్పు బెడద తక్కువే గానీ, ఎండకు రబ్బర్లు, ప్లాస్టిక్ పొడిపొడిగా రాలిపోతాయి. తుప్పు పట్టిన ఛాసిస్ కంటే ఎండిన రబ్బరు నయం. వీలైతే ఎండ రాష్ట్రాల బండే వెతకండి.

ఒక్క చూపులో ఐదింటినీ పెడితే ఇలా ఉంటుంది:

| బండి | నడిచే భాగం పార్టులు | పెట్టె పార్టులు | చేసే మెకానిక్ | ప్రధాన భయం |
|---|---|---|---|---|
| టయోటా మినీ (1993 వరకు) | సులువు, వెనక ఇరుసు తప్ప | కష్టం. విన్నెబేగో కట్టినవి కొంత నయం | పాత టయోటా తెలిసిన ఎవరైనా | క్యాబ్ (డ్రైవర్ గది) మీది భాగంలో నీటి లీకు |
| వ్యానగన్ వెస్ట్‌ఫాలియా (1980–91) | పోస్టులో అన్నీ వస్తాయి, ఖరీదు | ఐదింటిలో ఇదే మెరుగు | స్పెషలిస్టు కావాలి | హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగం అతుకులోని సీలు), కూలెంట్ |
| రియాల్టా (1995–2005) | మధ్యస్థం, తగ్గుతున్నాయి | మధ్యస్థం | ఫోక్స్‌వ్యాగన్ యూరోవ్యాన్ తెలిసినవాళ్ళు | ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ |
| రోడ్‌ట్రెక్ (డాడ్జ్ 2003 వరకు, షెవర్లే) | చాలా సులువు | మధ్యస్థం | దాదాపు ఏ గ్యారేజీ అయినా | తుప్పు, పెట్రోలు ఖర్చు |
| లషారో (1983–92) | చాలా కష్టం | మధ్యస్థం | దొరకడం అరుదు | నడిచే భాగం మొత్తం |

## టయోటా మినీ మోటర్‌హోమ్‌లు

టయోటా అమెరికాకు పికప్ క్యాబ్, ఛాసిస్ పంపితే ఇక్కడి కంపెనీలు దాని మీద ఇల్లు కట్టాయి. డాల్ఫిన్, సన్‌రేడర్, ఒడిస్సీ, విన్నెబేగో వారియర్ వగైరా అన్నీ ఆ కుటుంబమే. పొడవు 18 నుంచి 21 అడుగుల చుట్టుపక్కల. అంత చిన్న బండిలోనూ టాయిలెట్, చాలావాటిలో షవర్ కూడా ఉంటాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆ విలువ తెలుస్తుంది.

వీటికి గుండెకాయ 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్. కార్బ్యురేటర్ ఉంటే 22ఆర్, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటే 22ఆర్‌ఈ. 22ఆర్‌ఈని 1995 వరకు పికప్‌లలో, 4రన్నర్లలో కూడా వాడారు కాబట్టి వాటర్ పంపు, స్టార్టర్, డిస్ట్రిబ్యూటర్ మూత లాంటివి మామూలు ఆటో పార్ట్స్ షాపులోనే దొరుకుతాయి. రెండింటిలో ఎంచుకోవాల్సి వస్తే ఇంజెక్షన్‌దే తీసుకోండి. 22ఆర్ కార్బ్యురేటర్ చుట్టూ వ్యాక్యూమ్ గొట్టాల చిక్కుముడి ఉంటుంది. అది విప్పి స్మాగ్ పాస్ చేయించే ఓపిక ఉన్న మెకానిక్‌లు తగ్గిపోతున్నారు.

22ఆర్‌ఈకి తెలిసిన జబ్బు టైమింగ్ చైను. చైనును పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లు విరిగితే చైను ముందు కవర్‌ను కోసేస్తుంది, కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుంది. చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ముందు వైపు గలగలమని శబ్దం వస్తే అది చైనే అనుకోవచ్చు. స్టీలు గైడ్ల కిట్లు దొరుకుతాయి. ఒకసారి మార్చాక చాలాకాలం చూసుకోనక్కర్లేదు.

చివరి ఏళ్ళ బండ్లలో 3 లీటర్ల వీ6 వచ్చింది. కాగితం మీద బలం ఎక్కువ. కానీ హెడ్ గ్యాస్కెట్ల విషయంలో దానికి ఎంత చెడ్డపేరు వచ్చిందంటే, టయోటాయే అప్పట్లో ప్రత్యేకంగా ఉచిత మరమ్మతు ఇచ్చింది. ఆ పని జరిగిన కాగితం ఉందా, 60,000 మైళ్ళకోసారి మార్చాల్సిన టైమింగ్ బెల్టు మార్చారా అని అడగండి. రెండూ తేలకపోతే నేనైతే నాలుగు సిలిండర్ల బండికే వెళ్తాను. కొండ ఎక్కేటప్పుడు వెనక కార్లు క్యూ కడతాయి, కట్టనివ్వండి.

వెనక ఇరుసు విషయం మాత్రం ప్రాణాలకు సంబంధించింది. తొలినాళ్ళలో మామూలు పికప్ ఇరుసుకే బయటి వైపు ఇంకో చక్రం తగిలించి జంట చక్రాల బండిగా అమ్మారు. ఆ రకంలో చక్రం నేరుగా ఇరుసు కడ్డీకే బిగించి ఉంటుంది. కడ్డీ విరిగితే చక్రంతో సహా ఊడి వస్తుంది. అలా విరిగిన బండ్లు ఉన్నాయి, రీకాల్ కూడా జరిగింది. 1980ల మధ్య నుంచి బరువంతా హబ్ మోసే ఫుల్ ఫ్లోటింగ్ ఇరుసు వచ్చింది. గుర్తుపట్టడం తేలిక: వెనక చక్రానికి ఐదు నట్లుంటే పాత బలహీనమైనది, ఆరు నట్లుండి మధ్యలో హబ్ బయటికి పొడుచుకొచ్చి ఉంటే మంచిది. ఐదు నట్ల బండిని ఎంత తక్కువకు ఇస్తానన్నా వదిలేయండి.

ఆ మంచి ఇరుసుకూ ఒక చిక్కు ఉంది. వన్ టన్ (ఎక్కువ బరువు మోసే రకం) క్యాబ్ ఛాసిస్‌కు మాత్రమే వచ్చింది కాబట్టి బ్రేక్ డ్రమ్ములు, హబ్‌లు, 14 అంగుళాల రిమ్ములు మామూలు పికప్‌వి సరిపోవు. షాపులో "డాల్ఫిన్" అంటే కంప్యూటర్‌లో దొరకదు. "టయోటా పికప్, వన్ టన్, క్యాబ్ అండ్ ఛాసిస్, జంట చక్రాలు" అని చెప్పాలి. టైర్లు 185ఆర్14, ఎక్కువ బరువు మోసే రకం. ప్రతి షాపులో స్టాకు ఉండదు. ముందే ఆర్డరు పెట్టుకోవాలి. కారు టైర్లు వేయించుకోవడం పొరపాటు కూడా కాదు, ప్రమాదం.

పెట్టె విషయానికొస్తే, చాలావాటిలో చెక్క ఫ్రేముకు అల్యూమినియం లేదా ఫైబర్‌గ్లాస్ రేకు అతికించారు. డ్రైవర్ తల మీద ముందుకు పొడుచుకొచ్చే పడక భాగంలోకి నీళ్ళు దిగి చెక్క కుళ్ళుతుంది. బయటికి ఏమీ కనబడదు. పరుపు ఎత్తి మూలల్లో బొటనవేలితో నొక్కండి, మెత్తగా లోపలికి వెళ్తే మరమ్మతు వారాల పని. ఇరవై ముప్పై డాలర్ల తేమ మీటర్ ఒకటి తీసుకెళ్తే ఇంకా మంచిది. సన్‌రేడర్ మాత్రం రెండు పెద్ద ఫైబర్‌గ్లాస్ చిప్పలు కలిపి కట్టింది కాబట్టి కుళ్ళే చెక్క తక్కువ. అందుకే దాని ధర మిగతావాటికంటే బాగా ఎక్కువ. కిటికీల చుట్టూ మాత్రం అదీ కారుతుంది.

చెక్కపని వచ్చినవాళ్ళకు, శని ఆదివారాలు గ్యారేజీలో గడపడం ఇష్టమైనవాళ్ళకు ఐదింటిలో నా మొదటి ఎంపిక ఇదే. రెంచి పట్టుకోని వాళ్ళకు కాదు.

## వ్యానగన్ వెస్ట్‌ఫాలియా

15 అడుగుల బండి, పైకి లేచే కప్పు, వెనక ఇంజిన్. ఫొటోల్లో దీన్ని కొట్టేది లేదు. టాయిలెట్ లేదన్న సంగతి ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. తర్వాత గొడవ రాకూడదు.

పార్టుల విషయంలో దీని కథ మిగతావాటికి పూర్తిగా భిన్నం. మీ ఊరి ఆటో పార్ట్స్ షాపులో దాదాపు ఏమీ దొరకదు. కానీ గోవెస్టీ, శాంటాక్రూజ్‌లోని వ్యాన్ కెఫే లాంటి ప్రత్యేక షాపులు ఎక్కువగా ఈ బండి మీదే బతుకుతున్నాయి. పాప్‌టాప్ గుడ్డ, కిటికీ రబ్బరు, అల్మారా గొళ్ళెం వరకు పోస్టులో పంపుతాయి. జర్మనీలో ఈ బండికి అభిమానులు ఎక్కువ. దక్షిణాఫ్రికాలో 2002 వరకు దీన్ని తయారుచేశారు. ఆ గిరాకీ వల్లే పాత పార్టులు కొత్తగా తయారవుతున్నాయి. మిగతా నాలుగు బండ్లకు పెట్టె పార్టులు ఏటేటా తగ్గుతుంటే దీనికి పెరుగుతున్నాయి. ధర మాత్రం ఆ అభిమానానికి తగ్గట్టే ఉంటుంది.

అమెరికాలో 1983 మధ్య దాకా గాలితో చల్లబడే 2 లీటర్ల ఇంజిన్, ఆ తర్వాత నీటితో చల్లబడే 1.9, 1986 నుంచి 2.1 లీటర్లది. ఆ 2.1కీ బలం 95 హార్స్‌పవరే. నీటి ఇంజిన్లకు సిలిండర్ హెడ్ దగ్గర తుప్పు తిని కూలెంట్ కారడం పాత జబ్బు. ఫాస్ఫేట్ లేని కూలెంట్ వాడటం, రెండేళ్ళకోసారి మార్చడం అక్కడ మందు. ఇంజిన్ వెనక, రేడియేటర్ ముందు ఉన్నాయి కాబట్టి బండి పొడవునా కూలెంట్ పైపులు నడుస్తాయి. పాత ప్లాస్టిక్ పైపులు వదులైతే దారిలో నీళ్ళన్నీ పోతాయి. స్టీలు పైపులు వేయించిన బండి దొరికితే దానికి కొంత ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. పెట్రోలు గొట్టాలు ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే కొన్న వారంలోనే మార్పించండి. ఎండిన గొట్టం నుంచి వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారి బండ్లు కాలిపోయాయి.

చాలామంది పాత ఇంజిన్ తీసి సుబారు కార్ల 2.2 లీటర్ల ఇంజిన్ బిగించారు. బలం పెరుగుతుంది, ఇంజిన్ పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి. కాలిఫోర్నియాలో అయితే ఇంజిన్ మార్చిన బండిని స్మాగ్ రెఫరీ (రాష్ట్రం తరఫు పరీక్షకుడు) చూసి ఆమోదించాలి. ఆ ఆమోదం స్టిక్కర్ లేని సుబారు వ్యానగన్‌ను అక్కడ కొనడం అంటే రిజిస్ట్రేషన్ తలనొప్పిని కూడా కొనడమే. ఇంకో సంగతి: ఎవరో ఇంట్లో బిగించిన ఇంజిన్‌కు వైరింగ్ బొమ్మ ఉండదు. చేసిన మనిషి ఇచ్చిన కాగితాలు లేకపోతే రేపు మెకానిక్ గంటలు లెక్కపెట్టి బిల్లు వేస్తాడు.

డబ్బు ఉండి, ఇద్దరే తిరిగేవాళ్ళు, పక్కనే వ్యానగన్ మెకానిక్ ఉన్నవాళ్ళు దీన్ని సంతోషంగా వాడుకోవచ్చు. అమ్మినా రేటు పోదు.

## రియాల్టా

విన్నెబేగో వాళ్ళు ఫోక్స్‌వ్యాగన్ యూరోవ్యాన్ ముందు భాగం తీసుకుని వెనక ఇల్లు కట్టారు. ముందు చక్రాలే లాగుతాయి కాబట్టి నేల కిందికి ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఎక్కడం సులువు. లోపల టాయిలెట్, వంటగది, పడక అన్నీ ఉంటాయి. నడపడం పెద్ద కారు నడిపినట్టే. మొదట 2.5 లీటర్ల ఐదు సిలిండర్లది, 1997 నుంచి ఆరు సిలిండర్ల 2.8 లీటర్ల వీఆర్6 వచ్చాయి. 2002 నుంచి వచ్చిన 24 వాల్వుల వీఆర్6 బలం 201 హార్స్‌పవర్.

అసలు పరీక్ష నాలుగు గేర్ల ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ దగ్గర. యూరోవ్యాన్ బరువుకు చేసిన దాని మీద ఇల్లు మోయిస్తున్నారు. డిప్‌స్టిక్ లేదు కాబట్టి చాలామంది ఓనర్లు ఆ ఫ్లూయిడ్‌ను ఏళ్ళ తరబడి చూడనే లేదు. రీబిల్డ్ (విప్పి మళ్ళీ కొత్తగా కట్టించడం) అంటే వేల డాలర్లు, పైగా చేయగలిగిన షాపులు తక్కువ. వేడెక్కిన తర్వాత, అంటే కనీసం అరగంట నడిపాక గేర్లు మారే తీరు చూడండి. చల్లగా ఉన్నప్పుడు ప్రతి ట్రాన్స్‌మిషన్ బుద్ధిగానే ఉంటుంది.

వీఆర్6 టైమింగ్ చైన్లు ట్రాన్స్‌మిషన్ వైపు ఉంటాయి. అంటే ట్రాన్స్‌మిషన్ దించకుండా వాటిని చూడలేం. ఏ కారణంతోనైనా దాన్ని దించాల్సి వస్తే అప్పుడే చైను గైడ్లు కూడా మార్పించేయండి. లేబర్ రెండుసార్లు కట్టక్కర్లేదు. కూలెంట్ వెళ్ళే ఒక ప్లాస్టిక్ పైపు పగలడానికే పుట్టిందన్నట్టు ఉంటుంది. ఓనర్లు దాన్ని క్రాక్ పైప్ అనే పిలుస్తారు. అల్యూమినియంది దొరుకుతుంది.

విన్నెబేగో బండి కావడం వల్ల ఒక పెద్ద లాభం. అయోవాలో పుట్టిన ఆ కంపెనీ పాత మోడళ్ళ పార్టుల బొమ్మలు, వైరింగ్ బొమ్మలు ఇప్పటికీ అందరికీ అందుబాటులో ఉంచింది. పార్టు వాళ్ళ దగ్గర లేకపోయినా దాని నంబరు తెలుస్తుంది. నంబరు తెలిస్తే వెతకడం సగం అయిపోయినట్టే. టయోటాల్లో విన్నెబేగో వారియర్‌కు కూడా ఈ లాభం ఉంది. అమెరికాలో యూరోవ్యాన్ అమ్మకాలు 2003తో ఆగిపోయాయి కాబట్టి జంక్‌యార్డుల్లో పార్టులు తీసుకోవడానికి పనికొచ్చే బండ్లు తగ్గుతున్నాయన్నది మరో వైపు.

## రోడ్‌ట్రెక్, ఆ తరహా వ్యాన్లు

ఫొటోలకు అంత బాగుండదు. కానీ దారిలో ఆగితే అదే రోజు కదిలే అవకాశం వీటికే ఎక్కువ. డాడ్జ్ 5.2, 5.9 లీటర్ల వీ8లు, షెవర్లే 5.7 వీ8 లక్షలాది వ్యాన్లలో, ట్రక్కుల్లో తిరిగాయి. నెబ్రాస్కాలో ఎక్కడో చిన్న ఊళ్ళో ఆగినా ఆల్టర్నేటర్ సాయంత్రానికి వచ్చేస్తుంది. చేసే మెకానిక్ కూడా దొరుకుతాడు. ఇది పైకప్పు పెంచిన వ్యానే కాబట్టి మామూలు గ్యారేజీ లిఫ్టు మీదకు ఎక్కించడానికి చాలామంది ఒప్పుకుంటారు.

జబ్బులు లేవని కాదు. డాడ్జ్ వీ8లో ఇన్‌టేక్ అడుగున ఉండే ప్లీనమ్ గ్యాస్కెట్ కారి ఆయిల్ తాగుతుంది. అల్యూమినియం పలకతో వచ్చే కిట్ వేస్తే సరిపోతుంది. షెవర్లే 5.7కి ఇన్‌టేక్ గ్యాస్కెట్ల నుంచి కూలెంట్ కారడం మామూలు. రెండిట్లోనూ ఇంజిన్ సగం క్యాబిన్‌లోకి చొచ్చుకొచ్చి ఉంటుంది. సీట్ల మధ్య మూత తీసి లోపలి నుంచి పని చేయాలి. స్పార్క్ ప్లగ్గులు మార్చేటప్పుడు చేతులు గీసుకుపోతాయి.

పెట్టె స్టీలు వ్యాను కాబట్టి గోడ కుళ్ళే బాధ లేదు. లీకులు ఎక్కువగా పైకప్పు అతుకు దగ్గర, ఫ్యాను చుట్టూ. స్టీలుకు తుప్పు ఉంటుంది, ఉప్పు రాష్ట్రాల బండి అయితే కింద పడుకుని చూడాల్సిందే. రోడ్‌ట్రెక్ కంపెనీ 2019లో మూతపడి తర్వాత వేరే యాజమాన్యం కిందికి వెళ్ళింది. పాత ఫైబర్‌గ్లాస్ ముక్కల కోసం వాళ్ళ మీద ఆశ పెట్టుకోవద్దు. ఫైబర్‌గ్లాస్ అతికే పడవల రిపేరు షాపు ఈ పనికి బాగా ఉపయోగపడుతుంది. చాలామందికి ఈ సంగతి తట్టదు.

పెట్రోలు బాగానే తాగుతుంది. ఏడాదికి నాలుగైదు ట్రిప్పులు వేసే కుటుంబానికి ఆ తేడా ఒక్క ట్రాన్స్‌మిషన్ రీబిల్డ్ ముందు లెక్కలోకి రాదు. ఉద్యోగం, పిల్లల స్కూలు మధ్య తీరిక లేని ఇంటికి, రిపేరు ఎవరికో అప్పగించాల్సిందే అనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే బండి. షెవర్లే దొరికితే షెవర్లే, లేదంటే డాడ్జ్.

## లషారో గురించి నాలుగు మాటలు

కింద ఫ్రెంచి కంపెనీ రెనో వాళ్ళ ట్రాఫిక్ వ్యాన్, 2.1 లీటర్ల డీజిల్ లేదా 2.2 పెట్రోలు ఇంజిన్. రెనో 1987లో అమెరికా నుంచి తప్పుకుంది. డీజిల్ ఇంజిన్ 1985–87 జీప్ చెరోకీల్లో కొన్నిటికి వచ్చింది కాబట్టి కొన్ని పార్టులు ఆ దారిలో దొరకొచ్చు. మిగతావి యూరప్ నుంచి తెప్పించుకోవాలి. లోపల ఇల్లు చక్కగా ఉంటుంది, రెండు మూడు వేల డాలర్లకు అమ్ముతుంటారు. ఫ్రెంచి పార్టుల కేటలాగులు చదవడం మీకు సరదా అయితే తప్ప వద్దు.

## పిల్లలు ఉన్న ఇల్లు అయితే

ఐదింటిలో దేనికైనా వర్తించే సంగతి: పడకలు ఎన్ని ఉన్నాయన్నది ఒకటి, బెల్టు ఉన్న సీట్లు ఎన్ని అన్నది వేరొకటి. పక్కకు తిరిగి ఉన్న సోఫా మీద పిల్లల కార్ సీటు కట్టకూడదు. టయోటా మినీల్లో ముందు రెండు సీట్లు తప్ప సరైన బెల్టులు లేనివి చాలా ఉన్నాయి. నలుగురి కుటుంబానికి అక్కడే ఆ బండి లిస్టులోంచి పోతుంది. ముందుకు చూసే సీట్లు, గట్టి బెల్టులు ఉన్న రియాల్టా గానీ రోడ్‌ట్రెక్ గానీ చూసుకోవాలి.

## ఏది కొన్నా తప్పని పనులు

ఆరు నెలలకోసారి పైకప్పు ఎక్కి అతుకులు చూడాలి. పగిలిన చోట పాత సీలెంట్ గీకేసి పైకప్పుకు పనికొచ్చే డైకార్ లాంటిది వేయాలి. కిటికీ ఫ్రేముల కింద బ్యూటైల్ (మెత్తగా అతుక్కునే రబ్బరు) టేపు. హార్డ్‌వేర్ షాపు సిలికాన్ పూయవద్దు. తర్వాత దాని మీద ఏదీ అతుక్కోదు, తీయడం నరకం.

టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు వారం, సంవత్సరం చెబుతాయి. గాట్లు బాగున్నా ఆరేడేళ్ళు దాటితే మార్చేయాలి, మోటర్‌హోమ్ టైర్లు అరిగి కాదు, ముసలివై పోతాయి. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్ళకోసారి. ఒనాన్ జనరేటర్ ఉంటే నెలకోసారి లోడుతో రెండు గంటలు నడపాలి, లేకపోతే కార్బ్యురేటర్ పూడుకుపోతుంది. ప్రొపేన్, కార్బన్ మోనాక్సైడ్ అలారాలకు కాలపరిమితి ఉంటుంది. వెనక తేదీ చూసి కొత్తవి పెట్టండి. వేడినీళ్ళ ట్యాంకు సబర్బన్‌ది అయితే అందులో ఆనోడ్ రాడ్ అరిగిపోతూ ట్యాంకును కాపాడుతుంది, అది మార్చుతుండాలి. ఆట్‌వుడ్‌కు అల్యూమినియం ట్యాంకు కాబట్టి ఆ రాడ్ ఉండదు. చలి రాష్ట్రాల్లో నవంబరుకల్లా నీళ్ళు వంపేసి గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ పోయాలి. డాలస్‌లో ఉన్నాం కదా అనుకోవద్దు, అక్కడా పైపులు పగిలే రాత్రులు వస్తాయి.

## డబ్బు ఇచ్చే ముందు ఫోన్ పరీక్ష

విన్ (బండి గుర్తింపు) నంబరు తీసుకోండి. 17 అక్షరాల నంబరులో పదోది ఛాసిస్ తయారైన మోడల్ సంవత్సరం. మోటర్‌హోమ్ కాగితాల మీద 1988 ఉన్నా కింద ఛాసిస్ 1987ది కావచ్చు. పార్టులు ఎప్పుడూ ఛాసిస్ సంవత్సరంతోనే అడగాలి. ఇంటి సామానుకు వేరే దారి: ఫ్రిజ్ తలుపు లోపల, హీటర్ మూత వెనక ఉండే స్టిక్కర్లను ఫొటో తీసుకోండి.

తర్వాత ఐదు పార్టుల ధర, ఎన్ని రోజుల్లో వస్తుందో కనుక్కోండి. టయోటా అయితే వెనక బ్రేక్ డ్రమ్ము, 185ఆర్14 టైర్లు ఆరు, టైమింగ్ చైను కిట్టు, విండ్‌షీల్డ్, క్యాబ్ మీది కిటికీ రబ్బరు. వ్యానగన్ అయితే హెడ్ గ్యాస్కెట్ సెట్టు, కూలెంట్ పైపులు, క్యాటలిటిక్ కన్వర్టర్, పాప్‌టాప్ గుడ్డ, స్టార్టర్. రియాల్టాకు మొదట రీబిల్డ్ ట్రాన్స్‌మిషన్ కొటేషన్, తర్వాత క్రాక్ పైప్, చైను గైడ్లు, విండ్‌షీల్డ్, పక్క తలుపు మెట్టు. రోడ్‌ట్రెక్‌కు ఫ్యూయల్ పంపు, ప్లీనమ్ కిట్టు లేదా ఇన్‌టేక్ గ్యాస్కెట్లు, పైకప్పు ఫ్యాను, టాయిలెట్ వాల్వు, వెనక తలుపు రబ్బరు. మామూలు షాపుల్లో లేనివాటికి రాక్‌ఆటో, జంక్‌యార్డుల స్టాకు చూపించే కార్-పార్ట్.కామ్, మిస్సోరీలోని కోలా లాంటి మోటర్‌హోమ్ జంక్‌యార్డు అడిగి చూడండి. కిటికీ రబ్బరుకు పార్టు నంబరు దొరకకపోతే రెండు అంగుళాల ముక్క కోసి, అడ్డంగా కోసిన వైపు ఫొటో తీసి రబ్బరు సీళ్ళు అమ్మేవాళ్ళకు పంపితే ఆకారం చూసి జత కలుపుతారు.

చివరి ఫోన్ మీ ఇంటికి ముప్పై మైళ్ళలోపు ఉన్న రెండు గ్యారేజీలకు చేయండి. బండి పేరు, సంవత్సరం, పొడవు, బరువు చెప్పి బ్రేకుల పని చేస్తారా అని అడగండి. రెండు చోట్లా కుదరదంటే, పనంతా మీ చేతులతోనే చేసుకోవాలన్న లెక్కతో ధర మాట్లాడండి.